బిడ్డకు జ్ఞానస్నానం: తల్లిదండ్రుల బాధ్యత ఏమిటి?

కడపలో బిడ్డకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించబోయే కతోలిక దంపతుల బాధ్యత ఏమిటన్నది ప్రశ్న. 1983 నాటి తిరుసభ (కతోలిక చర్చి) చట్టం ప్రకారం, బిడ్డ పుట్టిన మొదటి కొన్ని వారాలలోనే జ్ఞానస్నానం ఇప్పించడం, అందుకోసం పుట్టిన వెంటనే, వీలైతే అంతకుముందే, విచారణ గురువును (తమ ప్రాంత చర్చి ఫాదర్‌ను) కలిసి సిద్ధపడడం తల్లిదండ్రుల విధి. బిడ్డ విశ్వాసానికి తోడుగా ఎంచుకునే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి (గాడ్ పేరెంట్స్) ఇందులో సాయపడతారే తప్ప కన్నవారి భారాన్ని తామే మోయరు. ఈ జ్ఞానతల్లికి, జ్ఞానతండ్రికి సాధారణంగా 16 ఏళ్లు నిండాలి, కన్నవారే ఆ స్థానంలో నిలవకూడదు. జ్ఞానస్నాన సమయంలో గురువు ‘బిడ్డను విశ్వాసంలో పెంచుతారా?’ అని తల్లిదండ్రులను అడిగి, వారు మాట ఇచ్చాక బిడ్డ నుదుట సిలువ గుర్తు వేసి, వారిచేత కూడా వేయిస్తారు. ఆ మాట నిలబెట్టుకోవడమంటే, రోజూ రాత్రి ప్రార్థనకు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ చిన్ని చేతిని పట్టి అదే గుర్తు వేయించడం.