ద్రాక్ష పందిరి కోసం డిపాజిట్ మూసేయాలా?

ప్రశ్న: మాది కావలి. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. వయసు 62, పెన్షన్ లేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు వేసి 14 నెలలైంది. ఆపద సొమ్ముగా ఇంకో 3 లక్షలు బ్యాంకు ఎఫ్‌డీలో ఉన్నాయి. కింది పోర్షన్ అద్దె 8 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు నెలకు 16 వేలు. ఇంటి వెనక 6 సెంట్ల ఖాళీ స్థలం ఉంది. బోరు నీళ్లు కాస్త ఉప్పన. ఒక కంపెనీవాళ్లు వచ్చి బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ, థాంప్సన్ ద్రాక్షతో తోట వేసిస్తామన్నారు. షేడ్‌నెట్, డ్రిప్ అన్నీ కలిపి 2.85 లక్షలట. మూడో ఏడు నుంచి పండ్లు వాళ్లే కొంటారట, ఆదాయానికి పన్ను కూడా ఉండదట. 5 వేలు ఫోన్‌పేలో అడ్వాన్స్ పంపాను. మిగతా డబ్బుకు పోస్టాఫీసు డిపాజిట్ తీయనా, మా ఆవిడ నగల మీద లోన్ తీసుకోనా?

జవాబు: మాస్టారూ, ఆ రెండూ వద్దు. తోట మాత్రం వేయండి. కాకపోతే వాళ్లు చెప్పిన తోట కాదు.

లెక్కల మాస్టారికి లెక్క చెప్పడం బాగుండదు గానీ, మీరు వదిలేసిన ఒక మెట్టు ఉంది. ఈ స్కీములో కావలసినంత తీసుకుని మిగతాది ఉంచడం కుదరదు. తీస్తే ఖాతా మొత్తం మూసేయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్ల లోపు మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. మీ 15 లక్షల మీద అది 22,500. బ్లూబెర్రీ మొక్క గడప దాటకముందే పోయే డబ్బు ఇది.

ఇప్పుడు 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి మీకు 30,750 వస్తోంది, అంటే నెలకు 10,250. అద్దె కలిపితే 18,250. ఖర్చు పోను 2,250 మిగులుతోంది. కోత, ప్యాకేజీ డబ్బు రెండూ పోయాక చేతిలో ఉండేది 11,92,500. దాన్ని మళ్లీ అదే వడ్డీకి వేసినా నెలకు వచ్చేది 8,150 దగ్గర. అద్దె కలిపి, ఖర్చు తీసేస్తే 150 రూపాయలు కూడా మిగలవు. ఆ తోటకు ఎరువులు, మందులు, కూలీ ఎక్కణ్ణుంచి తెస్తారు? ఎఫ్‌డీలోంచి తీస్తారు. ఆ 3 లక్షలు మీ ఇద్దరిలో ఎవరికైనా ఆస్పత్రి అవసరం వస్తే కావలసినవి.

అమ్మగారి నగల సంగతి ఒక్క మాటలో చెబుతాను. బంగారం లోనుకు వడ్డీ మొదటి నెల నుంచే నడుస్తుంది, పండ్లు వాళ్ల మాట ప్రకారమే మూడో ఏడు గానీ రావు.

పన్ను లేదన్న మాటకు నవ్వొచ్చింది. మీ వడ్డీ, అద్దె కలిపినా ఏడాదికి 2.19 లక్షలు. పన్నే పడని మనిషికి పన్ను మినహాయింపు అమ్మారు. డ్రిప్ రాయితీ ఇప్పిస్తామని కూడా అనొచ్చు. అది పాసుపుస్తకం ఉన్న సాగు భూమికి గానీ ఇంటి పెరటికి కాదు.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. నా వృత్తి డబ్బు లెక్కలే గానీ ఇక్కడ ఆ లెక్కంతా మట్టిలోనూ నీళ్లలోనూ ఉంది. బ్లూబెర్రీకి పుల్లటి నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. చాలా రకాలకు చలికాలంలో వందల గంటల గట్టి చలి కూడా తగలాలి. కావలిలో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చలి పెద్దగా అడగని రకాలు లేకపోలేదు. వాటినైనా కుండీల్లో కొబ్బరి పొట్టు నింపి, నీళ్లలో ఆమ్లం కలిపి పెంచాలి. లేకపోతే మన బోరు నీళ్లలో ఉండే బైకార్బొనేట్ లవణాలు ఆ పులుపును కొన్నాళ్లకే విరిచేస్తాయి. అంటే మొక్క ఉన్నన్నాళ్లూ నెలనెలా మందు కొనాలి, మంచి నీళ్లు విడిగా పట్టాలి. రాస్ప్‌బెర్రీదీ చలి దేశపు పుట్టుకే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో షేడ్‌నెట్ ఒక్కటే దాన్ని కాపాడుతుందనుకోవడం అత్యాశ.

ద్రాక్ష అలా కాదు, మన దగ్గర పెరుగుతుంది. చిక్కంతా ఎప్పుడు కత్తిరించాలన్న దగ్గరే. మహారాష్ట్రలో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. అక్టోబరు కత్తిరింపుతో వచ్చిన చిగురులోనే పూత వస్తుంది, ఫిబ్రవరి నుంచి కోత. నాసిక్‌లో అక్టోబరు గడిచేకొద్దీ వానలు తగ్గుముఖం పడతాయి. మనకు అప్పుడే మొదలు. నెల్లూరు జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలిచ్చే వానే ఎక్కువ. డిసెంబరు దాకా ముసురు, మధ్యలో తుపాను. ఆ తడిలో లేత ఆకు మీద నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చలు వస్తాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. అది పూగుత్తికి తగిలిందా, గుత్తి గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంది. ప్యాకేజీ వాళ్ల కాగితంలో కత్తిరింపు నెల అక్టోబరు అనే ఉంటే, వాళ్లు నాసిక్ కాగితాన్ని కావలికి తెచ్చారని అర్థం.

మీరు వానలు వెళ్లాక, క్రిస్మస్‌కీ సంక్రాంతికీ మధ్య కత్తిరించండి. కాయ ఎండాకాలంలో వస్తుంది. థాంప్సన్ మాత్రం వద్దు. బజారులో కనిపించే ఆ పొడుగాటి కాయలు ఆ సైజుకు రావాలంటే గుత్తులను జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే ఎదుగుదల హార్మోను ద్రావణంలో ముంచాలి. ముంచకపోతే కాయ చిన్నగానే ఉండిపోతుంది, కంపెనీ మనిషి వచ్చి పెదవి విరుస్తాడు. బెంగుళూరు బ్లూ పెట్టుకోండి. గింజలుంటాయి, తొక్క మందం, కానీ రసానికి బాగుంటుంది. రెండోది కావాలంటే పన్నీర్ ద్రాక్ష. 2023లో ఆ ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన కంబం ద్రాక్ష ఇదే. ఆ కంబం తమిళనాడు తేని జిల్లాలోది, మన చెరువు కంభం కాదు. రెండింటినీ డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష రకం వేరు మీద అంటు కట్టిన మొక్కలుగానే అడగండి, ఉప్పు నీళ్లను ఆ వేరు తట్టుకుంటుంది. గుత్తులు రంగు తిరగ్గానే పాత నైలాన్ చీర ముక్కలతో సంచులు కుట్టి తొడగండి. లేకపోతే మైనాలు, ఉడతలు మీకంటే ముందే లేస్తాయి.

మీకు ఇంకో మాట చెప్పాలి. బజారులో దొరికే పండు కోసం పెరటి నేల వాడటం నాకు అంత నచ్చదు. సీజన్లో ద్రాక్ష బండ్ల మీదే చవగ్గా వస్తుంది. బండి మీదికి రాని పండు పెంచుకుంటే ఆ స్థలానికి విలువ. ఊదారంగు చిన్న చిన్న పండ్లు కాసే ఫాల్సా అలాంటిది. కోసిన మర్నాటికే మెత్తబడుతుంది గనక మన దగ్గర దాన్ని అమ్మేవాళ్లు తక్కువ. జనవరిలో పొట్టిగా కత్తిరిస్తే కొత్త కొమ్మలకు ఎండాకాలంలో కాస్తుంది. మల్బరీ కూడా అంతే. పట్టు పురుగులు పెంచేవాళ్లనడిగితే కొమ్మ ఊరికే ఇస్తారు. కత్తిరించి ఆకు దూసినప్పుడల్లా చిగురుతో పాటే కాయ వస్తుంది. స్కూటర్ నిలిపే చోట మాత్రం పెట్టకండి, మరకలు పోవు.

కంచెగా వాక్కాయ వేయండి. గేదె కాదు గదా, మేక కూడా ఆ ముళ్లలో తల దూర్చదు. నీళ్లు లేకపోయినా బతుకుతుంది, మూడో ఏడుకల్లా కాపు. పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడికి ఇంట్లో పోను మిగిలితే ఇరుగుపొరుగు వాళ్లే అడిగి పట్టుకెళ్తారు. బేకరీ బన్నులో ఎర్రగా మెరిసే చెర్రీ చాలా చోట్ల పాకంలో ఊరిన ఈ వాక్కాయే. స్ట్రాబెర్రీ ముచ్చటైతే నవంబరు చివర పది సంచుల్లో పెట్టుకోండి, ఎండలు ముదరగానే పోతుంది. ఏటా కొత్త మొక్కలు కొనాలి. పైగా మట్టిలో ఉప్పు తీవ్రత, అదే ఈసీ, 1 దాటగానే దాని దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ద్రాక్షకు ఆ గీత 1.5. అందుకే ఏది కొనేముందైనా సీసాడు బోరు నీళ్లు, సంచెడు మట్టి పరీక్ష చేయించండి. నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దారి చెబుతారు.

ఖర్చు నా అంచనాలో ఇలా ఉంటుంది. నాలుగు రాతి స్తంభాలు, జింకు పూత పూసిన ఇనుప తీగ, కూలీతో చిన్న పందిరి 10 వేల లోపు. మొక్కలు, ఎరువు, గుంతలు తవ్వే కూలీ 3 వేలు. మామూలు డ్రిప్ పైపులు 3,500. మొత్తం 17 వేలు దాటదు. మీ నెల మిగులు 2,250ని ఎనిమిది నెలలు పక్కన పెడితే 18 వేలు. ముందు కంచె, ఫాల్సా, మల్బరీ పెట్టేయండి, వాటికి పెద్దగా ఖర్చు లేదు. పందిరి డబ్బు కూడినప్పుడే వేద్దురు. తర్వాత ఏటా 5 వేలు అనుకోండి. ఈ తోట నుంచి ఆదాయం అని పుస్తకంలో ఒక్క రూపాయి కూడా రాయొద్దు.

అడ్వాన్స్ విషయం ఆలస్యం చేయకండి. ఆర్డరు రద్దు చేస్తున్నాను, 5 వేలు వెనక్కి పంపండని ఇవాళే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి. ఫోన్‌పే రసీదు జత చేయండి. ఫోన్లో మాట్లాడితే మాత్రం మళ్లీ ఒప్పిస్తారు. పండ్లు మేమే కొంటామన్న మాటకు ధర, బరువు, గడువు రాసిన ఒప్పందం చూపించమని అదే మెసేజీలో అడగండి. నాకు తెలిసి అది ఉండదు. పది రోజుల్లో డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.