అడిలైడ్ నుంచి పెర్త్‌కు కారులో: సెడూనాలో ఒక రాత్రి చాలా?

పిల్లలతో అడిలైడ్ నుంచి పెర్త్ వెళ్తూ దారిలోని దక్షిణ ఆస్ట్రేలియా ఊరు సెడూనాలో ఒక రాత్రి ఆగితే సరిపోతుందా, ఇంటి నుంచి ఏ తిండి తీసుకెళ్లొచ్చు, అదనంగా పెట్రోల్ క్యాన్ పెట్టుకోవాలా అని అడిగారు.

వీలైతే రెండు రాత్రులు ఉండండి. అడిలైడ్ నుంచి సెడూనా దాదాపు 780 కిలోమీటర్లు, అంత దూరం వచ్చిన వెంటనే మర్నాడే నల్లార్‌బోర్ మైదానంలోకి దిగితే డ్రైవరు అలసిపోతాడు. పైగా సెడూనా దాటాక పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్స్‌మన్ వరకు, అంటే సుమారు 1,200 కిలోమీటర్లు, దారిలో ఉండేవి చిన్న ఊళ్లూ, పెట్రోల్, తిండి దొరికే దారిపక్క మజిలీలైన రోడ్‌హౌస్‌లే. సూపర్ మార్కెట్, ఆసుపత్రి, టైర్ల షాపు అన్నీ ఒకేచోట దొరికే చివరి ఊరు ఇదే. అందుకే ఇక్కడి మధ్య రోజును సరంజామాకు కేటాయించండి. ఆ రోజు శనివారం మధ్యాహ్నమో ఆదివారమో కాకుండా చూసుకోండి, అప్పుడు వర్క్‌షాపులు తెరిచి ఉంటాయని నమ్మకం లేదు. అక్టోబరు లాంగ్ వీకెండ్‌లో వెళ్తుంటే గది చాలా ముందే బుక్ చేసుకోవాలి, ఆల్చిప్పల పండుగ జరిగేది అప్పుడే.

పెట్రోల్ క్యాన్ అక్కర్లేదు. ఈ దారిలో రెండు బంకుల మధ్య ఎక్కువ దూరం సుమారు 190 కిలోమీటర్లు, బాలడోనియా నుంచి నార్స్‌మన్ వరకు. పిల్లలు కూర్చునే కారులో పెట్రోల్ పెట్టుకోవడమే ప్రమాదం. ట్యాంకు సగానికి వచ్చినప్పుడల్లా నింపుకుంటే చాలు. ఒక్క మాట గుర్తుంచుకోండి: పడమటి గాలి ఎదురుగా కొడితే, కారు పైన సామాను పెట్టె కూడా ఉంటే, మైలేజీ బాగా పడిపోతుంది. ఊళ్లో వచ్చే లెక్కను ఇక్కడ నమ్మొద్దు. రోడ్‌హౌస్‌లలో ధర చాలా ఎక్కువ కాబట్టి సెడూనాలో ఫుల్ ట్యాంకు చేయించండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలిని, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో లోడుకు రాసిన అంకె ప్రకారం చూడండి. స్టెప్నీలో గాలి చూడటం చాలామంది మరిచిపోతారు.

నీళ్ల విషయంలో మాత్రం అసలు రాజీ పడొద్దు. మైదానంలో భూగర్భ జలం ఉప్పన, రోడ్‌హౌస్‌లు తాగునీళ్లు ఉచితంగా ఇస్తాయని అనుకోవద్దు. మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున, కారు చెడిపోయి ఆగిపోయినా సరిపోయేలా రెండు రోజులకు లెక్క వేసుకోండి. సూపర్ మార్కెట్లో దొరికే 10 లీటర్ల నీళ్ల డబ్బాలు సర్దుకోవడానికి వీలుగా ఉంటాయి.

ఇక తిండి. మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. పెర్త్ వైపు వెళ్లేటప్పుడు సెడూనాలో మిమ్మల్ని ఆపరు, పంటల తెగుళ్లు రాష్ట్రంలోకి రాకుండా చేసే క్వారంటైన్ తనిఖీ 480 కిలోమీటర్ల అవతల సరిహద్దులోని బోర్డర్ విలేజ్‌లో ఉంటుంది. తాజా పండ్లు, కూరగాయలు, కరివేపాకు, పచ్చిమిర్చి, తేనె అక్కడికి చేరేలోగా అయిపోవాలి. పిల్లల కోసం తెచ్చుకున్న చిన్న తేనె సీసా కూడా లెక్కలోకే వస్తుంది. తిరుగు ప్రయాణంలో పద్ధతి వేరు: దక్షిణ ఆస్ట్రేలియా వాళ్ల తనిఖీ సరిహద్దులో కాదు, సెడూనా ఊరి మొదట్లో ఉంటుంది. పెర్త్‌లో కొన్న యాపిల్‌కు బిల్లు చూపించినా ఒప్పుకోరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పాతుకుపోయిన మెడిటరేనియన్ పండు ఈగ పురుగు కాయ లోపల ఉంటుంది, పైకి కనబడదు. అది తోటల్లోకి చేరితే రైతు పంటకు మార్కెట్ పోతుంది. కాబట్టి అనుమానమున్న ప్రతిదీ మీరే తీసి అధికారికి చూపించండి. దాచి దొరికితే జరిమానా తప్పదు. వచ్చేటప్పుడు తాజా సరుకు తనిఖీ దాటాక సెడూనాలోనే కొనుక్కోండి.

దీనికి తేలిక మార్గం వంట. సెడూనా కారవాన్ పార్కుల్లో పొయ్యి, ఫ్రిజ్ ఉన్న క్యాబిన్లు దొరుకుతాయి. బయల్దేరే ముందు రాత్రి చింతపండు పులిహోర కలిపి, కరివేపాకు, మిర్చి అన్నీ పోపులో వేసేయండి, పచ్చి సరుకు మిగలదు. అన్నం బాగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. పెరుగన్నమైతే ఐస్ వేసిన ఎస్కీలో (చల్లదనం నిలిపే పెట్టెలో) తప్ప పెట్టొద్దు, ఎండాకాలంలో మధ్యాహ్నానికే పులుస్తుంది.

మధ్య రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంటే పెనాంగ్ అనే ఊరికి వెళ్లి చీకటి పడేలోపు రండి, 73 కిలోమీటర్లు. అక్కడి గాలిమరల మ్యూజియం పిల్లలకు నచ్చుతుంది. పెనాంగ్ నుంచి దక్షిణంగా వెళ్తే మక్‌డొనెల్ సరస్సు గులాబీ రంగులో కనిపిస్తుంది, ఉప్పునీటి నాచు, సూక్ష్మజీవుల వల్ల వచ్చే రంగు అది. ఆ దారి మట్టిరోడ్డు. అద్దె కారైతే మట్టిరోడ్డుకు బీమా వర్తిస్తుందో లేదో ముందే చదువుకోండి.

అదే కాగితంలో రాత్రి జంతువును గుద్దితే నష్టం ఎవరిదో కూడా చూడండి, చాలా ఒప్పందాల్లో అది అద్దెకు తీసుకున్నవారిదే. కంగారూలు, వాంబాట్లు సంధ్యవేళ రోడ్డెక్కుతాయి. సూర్యుడు పైకి వచ్చాక బయల్దేరి, అస్తమించే లోపు ఆగిపోవాలి. ఉదయం సెడూనా నుంచి బయల్దేరితే సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని నల్లార్‌బోర్ రోడ్‌హౌస్‌కు కాస్త ముందే, తిమింగలాలు చూసే తీరమైన హెడ్ ఆఫ్ బైట్‌కు మలుపు వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య అయితే తమ కూనలతో ఈత కొట్టే సదరన్ రైట్ తిమింగలాలు కట్టెల వంతెన మీద నుంచే కనిపిస్తాయి. టికెట్ ఉంటుంది, రెండు గంటలు కేటాయించండి. తర్వాత రోడ్డు పక్కన సూచిక ఉన్న చోట మాత్రమే ఆగి కొండచరియలు చూడండి. అంచు కింద రాయి కోతకు గురై ఉంటుంది, పిల్లల చెయ్యి వదలొద్దు.

దారిలో 36.5 మీటర్ల రోడ్ ట్రెయిన్లు, అంటే వెనక ట్రెయిలర్లు తగిలించిన పొడవాటి లారీలు, ఎదురవుతాయి. వాటిని దాటాలంటే ఎదురుగా కనీసం కిలోమీటరున్నర ఖాళీ రోడ్డు కనబడాలి, లేకపోతే వెనకే ఉండండి. టెల్‌స్ట్రా కంపెనీ సిమ్ తప్ప మిగతా సిమ్‌లు చాలాచోట్ల పనిచేయవు, మ్యాపులు ముందే దించుకోండి. పెర్త్ గడియారం సెడూనా కంటే గంటన్నర వెనక, వేసవిలో రెండున్నర గంటలు. వెళ్లేటప్పుడు ఆ సమయం కలిసొస్తుంది, తిరుగు ప్రయాణంలో అంతే పోతుంది. అందుకే సరిహద్దు నుంచి వచ్చే రోజుకు సెడూనాలో గది బుక్ చేసుకునేటప్పుడు చేరే వేళను సెడూనా గడియారం ప్రకారమే లెక్క వేయండి, లేకపోతే చివరి వంద కిలోమీటర్లు చీకట్లో నడపాల్సి వస్తుంది.