సహానుభూతిపై మెదడు స్కాన్ పరిశోధన: పీజీకి ముందే చేసి చూడాల్సిన పని

ప్రశ్న: సైకాలజీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎదుటివారి నొప్పి చూసినప్పుడు మన మెదడులో ఏం జరుగుతుందో ఎఫ్ఎంఆర్ఐతో (పనిచేస్తున్న మెదడును చూపించే స్కాన్‌తో) పరిశోధించాలని ఉంది. లెక్కలు వదిలేసి చాలా కాలమైంది. ఈ రంగంలోకి రాగలనా?

జవాబు: రాగలరు. లెక్కలు మళ్లీ మొదలుపెట్టక తప్పదు కానీ, పట్టుదలగా కూర్చుంటే ఏడాదిలో అందుకోగలిగినంతే కావాలి. అంతకన్నా ముందు మీరు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ పనిలో రోజులో ఎక్కువ భాగం సహానుభూతి గురించి ఆలోచిస్తూ గడవదు. డేటాను శుభ్రం చేస్తూ, కనిపించిన ఫలితం నిజమేనా అని వెతుక్కుంటూ గడుస్తుంది. అది మీకు నచ్చుతుందో లేదో పీజీకి దరఖాస్తు పెట్టకముందే తెలుసుకోవచ్చు.

ఈ రంగంలో బాగా పేరొచ్చిన ప్రయోగం 2004 నాటిది. లండన్‌లో టానియా సింగర్ బృందం 16 మంది మహిళలను స్కానర్‌లో పడుకోబెట్టి, ఒకసారి వాళ్ల చేతికి, ఒకసారి పక్కనే ఉన్న భాగస్వామి చేతికి కరెంటు షాక్ ఇచ్చింది. రెండు సందర్భాల్లోనూ మెదడులోని ముందరి ఇన్సులా, యాంటీరియర్ సింగ్యులేట్ అనే ప్రాంతాలు స్పందించాయి. స్పర్శను గుర్తించే ప్రాంతం మాత్రం సొంత నొప్పికే స్పందించింది. దీన్ని చదివి ‘ఎదుటివారి నొప్పిని మెదడు తన నొప్పిగానే అనుభవిస్తుంది’ అని చాలామంది తీర్మానించేస్తారు. స్కాన్ అంత మాట చెప్పలేదు. స్కాన్ చిత్రంలో అతి చిన్న ముక్కను వాక్సెల్ అంటారు; మూడు మిల్లీమీటర్ల ఘనం లాంటి ఒక్క వాక్సెల్‌లోనే లక్షల నాడీకణాలుంటాయి. అందులో రెండు వేర్వేరు గుంపులు పనిచేసినా మనకు కనిపించేది ఒకటే చుక్క. పైగా ఇన్సులా అసహ్యానికీ స్పందిస్తుంది, అనుకోని శబ్దానికీ స్పందిస్తుంది.

టోర్ వేజర్ బృందం 2016లో మెదడు స్పందనల నమూనాలను పోల్చి చూస్తే, సొంత నొప్పి నమూనా వేరు, ఇతరుల నొప్పి ఫొటోలు చూసినప్పటి నమూనా వేరు అని తేలింది. దానికి ఏడాది ముందే వియన్నా బృందం ఇంకోటి చూపించింది: ఉత్తుత్తి మాత్రతో సొంత నొప్పి తగ్గినవాళ్లలో ఎదుటివారి నొప్పికి స్పందన కూడా తగ్గింది. ఈ రెండు ఫలితాలూ తేలిగ్గా పొసగవు. మీరు అడుగుపెట్టాలనుకుంటున్నది సరిగ్గా ఈ చిక్కుముడిలోకే.

ఇక పనిలో చెడేది ఎక్కడో చూడండి. నొప్పి కలిగించడానికి ముంజేతికి కట్టిన చిన్న పలక కొన్ని సెకన్లపాటు 47 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ క్షణాన మెడ బిగుస్తుంది, తల అర మిల్లీమీటరు జరుగుతుంది, ఊపిరి ఆగుతుంది. ఊపిరి ఆగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మెదడంతటా రక్తప్రసరణ పెరుగుతుంది. స్కానర్ కొలిచేది నాడీకణాల సంకేతాన్ని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పును. కాబట్టి ఊపిరి బిగబట్టడం కూడా నొప్పికి స్పందనలాగే కనిపించగలదు. ఎప్పుడో ఒకసారి జరిగే కదలికైతే సగటులో కొట్టుకుపోతుంది. ఇది ప్రతి ట్రయల్‌లోనూ అదే చోట వస్తుంది గనుక పోదు. అందుకే ఛాతీకి బెల్టు, వేలికి పల్స్ సెన్సర్ పెట్టి ఆ రెండూ రికార్డు చేయాలి. ఎవరైనా నొప్పి స్కాన్ ఫలితం చూపిస్తే ముందు తల కదలికల గ్రాఫ్ అడగండి.

నేర్చుకోవడం స్టాటిస్టిక్స్‌తో మొదలుపెట్టండి. రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా కట్టే లెక్క) బాగా అర్థమైతే ఈ విశ్లేషణలో సగం అర్థమైనట్టే. మ్యాట్రిక్స్ లెక్కలు, పైథాన్ పక్కపక్కనే సాగనివ్వండి. తర్వాత నైలర్న్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో ఒక్క మనిషి శబ్దాలు విన్నప్పటి డేటా దొరుకుతుంది, దాన్ని తీసుకోండి. 42 సెకన్లు శబ్దం, 42 సెకన్లు నిశ్శబ్దం, ఇలా మారుతూ ఉంటుంది. చెవుల దగ్గర, రెండు పక్కలా వినికిడి ప్రాంతం వెలగాలి. వెలిగిందా? ఇప్పుడు శబ్దం మొదలైన సమయాలను కావాలని 42 సెకన్లు జరిపి మళ్లీ నడపండి. అదే ప్రాంతం ‘తగ్గుదల’గా కనిపిస్తుంది. కోడ్ ఎక్కడా ఎర్రర్ చూపదు. ఇలాంటి తప్పే నిజమైన ప్రాజెక్టుల్లో నెలలు తినేస్తుంది.

ఆ తర్వాత, ఒక వాక్సెల్ వెలిగినట్టు ఒప్పుకోవడానికి పెట్టే పరిమితిని మార్చి చూడండి. లక్ష వాక్సెళ్లను 0.05 పరిమితితో విడివిడిగా పరీక్షిస్తే, అక్కడ ఏమీ లేకపోయినా సుమారు 5,000 వెలుగుతాయి. క్రెయిగ్ బెనెట్ బృందం 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కాన్ చేసి, ఇన్ని పరీక్షలకు తగిన దిద్దుబాటు చేయని లెక్కతో దాని మెదడులోనూ ‘స్పందన’ చూపించింది. ఇవి చేశాక ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మెదడు స్కాన్ డేటా తీసుకుని, ప్రచురించిన ఒక ఫలితాన్ని మీరే మళ్లీ రాబట్టే ప్రయత్నం చేయండి. రాకపోతే ఎందుకు రాలేదో రెండు పేజీల్లో రాసి, కోడ్‌తో సహా పెట్టండి. దరఖాస్తులో మార్కుల జాబితా కంటే ఇది బలంగా మాట్లాడుతుంది.

పీజీకి కాగ్నిటివ్ సైన్స్, న్యూరోసైన్స్ రెండూ సరిపోతాయి. కోర్సు పేరు కంటే ల్యాబ్ ముఖ్యం. చేరేముందు అక్కడి పాత విద్యార్థులను మూడు విషయాలు అడగండి: విద్యార్థులకు స్కానర్ గంటలు దొరుకుతాయా, వాటి ఖర్చు ఎవరు భరిస్తారు, ప్రయోగం రూపొందించే అవకాశం ఇస్తారా లేక ఎవరో తీసిన డేటానే విశ్లేషించాలా. మూడోదానికి ‘విశ్లేషణే’ అని జవాబు వచ్చినా నిరాశపడకండి, మంచి థీసిస్‌లు అలా కూడా వస్తాయి. పీహెచ్‌డీ తర్వాత పరిశోధన పోస్టులు తక్కువ. డేటా విశ్లేషణ, క్లినికల్ ట్రయల్స్ వైపు మళ్లడానికి ఈ నైపుణ్యాలే పనికొస్తాయి.

ఒకవేళ నొప్పితో బాధపడేవారికి నేరుగా సాయపడాలన్నదే మీ అసలు కోరికైతే, స్కానర్ దారి చాలా పొడవు. ఒక మనిషికి నొప్పి ఉందో లేదో ఈనాటికీ స్కాన్ చూసి తేల్చరు, ఆ మనిషి చెప్పిన మాటే ప్రమాణం. అలాంటి పని కావాలనుకుంటే పైన చెప్పిన అభ్యాసాలు చేస్తూనే క్లినికల్ సైకాలజీ దరఖాస్తులు కూడా సిద్ధం చేసుకోండి.