వయోలా పట్టుకుంటే బతుకుదెరువు ఉంటుందా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి అడిగారు: "పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. తొమ్మిదేళ్లు వయొలిన్ నేర్చుకుని ఇప్పుడు వయోలా (వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దది, మంద్రంగా పలుకుతుంది) పట్టింది. సోలో కచేరీలే చేస్తానంటోంది. నెలకు రెండుసార్లు వృద్ధాశ్రమంలో డబ్బు తీసుకోకుండా వాయించి వస్తుంది. సంగీతమా, ఇంజినీరింగ్‌లో సీఎస్ఈ ఏఐనా? పోల్చి చెప్పండి."

ఇదే ప్రశ్న వీణ పేరుతోనో, కూచిపూడి పేరుతోనో ఏటా నా దగ్గరికి వస్తుంది. మీ టెన్షన్ కోర్సు గురించి కాదండి. ఊరికే వాయించే పిల్ల రేపు ఎలా బతుకుతుందని.

సోలో కచేరీల మీదే బతికినవాళ్లు పెద్దవాళ్లలోనూ అరుదు. వయొలిన్‌కు సోలో స్థాయి తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు. వయోలా కూడా వాయించిన బాలమురళీకృష్ణ గారు విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు. అమెరికాలో కిమ్ కష్కషియన్‌కు వయోలా మీద 2013లో గ్రామీ వచ్చింది. ఆవిడా బోస్టన్‌లో పాఠాలు చెబుతారు, ‘మ్యూజిక్ ఫర్ ఫుడ్’ పేరిట కచేరీలు పెట్టి ఆకలితో ఉన్నవాళ్లకు సాయం అందిస్తారు. అంటే ఇల్లు గడవడానికి పాఠాలు, వాటితో పాటే కచేరీలు, సేవ. మీ పాపకూ అదే దారి. మామూలు డిగ్రీ, ఆపైన ఎంఏ సంగీతం చేయించండి. వయొలిన్ మాత్రం వదలనివ్వకండి, మనవైపు పక్కవాద్యానికి పిలిచేది దాన్నే.

ఇక ఏఐ. నిన్నమొన్నటి దాకా ఆ బ్రాంచే లేని కాలేజీలు ఇప్పుడు సెక్షన్లకు సెక్షన్లు నింపుతున్నాయి. పాఠం చెప్పేవాళ్లు అంత తొందరగా ఎక్కడ తయారయ్యారు? మేనేజ్‌మెంట్ సీటు కోసం పొలం అమ్మిన తండ్రులు, మూడో ఏడు బ్యాక్‌లాగ్‌లతో వచ్చిన పిల్లలు నా ఎదుట కూర్చుని ఏడ్చారు. కోడింగ్ మీద ఇష్టముంటే మంచి చదువే. పక్కింటాయన చేర్చాడని చేరిస్తే మాత్రం పిల్లకు అన్యాయం చేసినట్టే.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట. మొన్న మీరూ పాపా వచ్చినప్పుడు గంటసేపు మీరే మాట్లాడారు. పాప ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదులుతూనే ఉన్నాయి. వేళ్ల కొసలు కాయలు కాశాయి. కుడికాలి మడమ పైన, వాయిద్యం తల ఆనే చోట, చర్మం నల్లబడింది. తొమ్మిదేళ్లలో మీరు ఒక్కసారైనా చూశారా? ఆ వృద్ధాశ్రమానికి ఎప్పుడైనా వెళ్లారా?

ఈసారి వెంట వెళ్లి, వాయించినంతసేపు వెనక కూర్చోండి. సీటుకు అడ్వాన్స్ కట్టడం అప్పటిదాకా ఆపండి. తర్వాత ఇద్దరూ రండి, ఈసారి పాపను మాట్లాడనిద్దాం.