2 లక్షల అప్పుకు ఒక్కో కాలిక్యులేటర్ ఒక్కో లెక్క చూపిస్తోంది, దేన్ని నమ్మాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: చిత్తూరులో జీతం ఉద్యోగం, ఇంటి మరమ్మతుకు 2 లక్షలు కావాలి, మూడేళ్లలో తీర్చేయాలి. ఒకచోట 14 శాతానికి పర్సనల్ లోన్, ఇంకోచోట ఫ్లాట్ 9 శాతం, తెలిసినాయన దగ్గర రూపాయిన్నర వడ్డీ. పోస్టాఫీసులో నెలకు 5,000 చొప్పున ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కట్టబట్టి రెండేళ్లయింది. ఇంట్లో నగలున్నాయి.

కాలిక్యులేటర్లు తప్పు చెప్పడం లేదండీ. మూడు రకాల వడ్డీని ఒకే గడిలో వేస్తున్నారు, చిక్కంతా అక్కడే.

ఈఎంఐ కాలిక్యులేటర్ అడిగే వడ్డీ ఏడాదికి, అదీ తగ్గే అసలు మీద. 2 లక్షలు, 14, 36 నెలలు వేస్తే ఈఎంఐ 6,836 వస్తుంది. ఫ్లాట్ వడ్డీ అలా కాదు. అసలు తీరుతున్నా మూడేళ్లూ పూర్తి 2 లక్షల మీదే వడ్డీ కడతారు. 9 శాతం చొప్పున 54,000 వడ్డీ, మొత్తం 2,54,000, నెలకు 7,056. దీన్ని తగ్గే అసలు లెక్కలోకి మారిస్తే 16.2 శాతం. 9 అంకె చూసి 14 కంటే చవక అనుకుంటే దెబ్బతింటారు.

రూపాయిన్నర అంటే నెలకు నూటికి రూపాయిన్నర, ఏడాదికి 18. కానీ 18 వేస్తే కాలిక్యులేటర్ చూపించే 7,230 ఈఎంఐ మీకు వర్తించదు. ఇలాంటి అప్పులో నెలకు 3,000 వడ్డీ మాత్రమే కడుతూ పోతారు, అసలు కదలదు. మూడేళ్లకు 1,08,000 కట్టాక కూడా 2 లక్షలు అలాగే నిలబడి ఉంటాయి. అసలులో కొంత కొంత తీసుకుంటానని ఆయన ఒప్పుకుని, ఆ మేరకు వడ్డీ తగ్గిస్తే తప్ప ఈ దారి వద్దు.

ఇప్పుడు అసలు చూడాల్సింది, కాలిక్యులేటర్లు అడగనిది: మీ చేతికి వచ్చేదెంత? ఆ పర్సనల్ లోన్‌లో ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 4,720. ఇన్సూరెన్స్ అని ఇంకో 5,000 పట్టుకుంటే ఖాతాలో పడేది 1,90,280. ఈఎంఐ మాత్రం 2 లక్షలకే. నిజంగా పడే వడ్డీ రేటు తెలియాలంటే ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఒక గడిలో ఈక్వల్స్ గుర్తు పెట్టి, ఇంగ్లీషులో రేట్ అని కొట్టి, బ్రాకెట్‌లో 36, మైనస్ 6836, 190280 కామాలతో వరుసగా వేసి, బ్రాకెట్ మూసి 12తో గుణించండి. 0.175 వస్తుంది, అంటే 17.5 శాతం. ఈఎంఐ ముందు మైనస్ మరిచిపోతే ఎర్రర్ చూపిస్తుంది. 1,90,280 అని మధ్యలో కామాలు పెట్టినా లెక్క చెడిపోతుంది, అవి వేర్వేరు అంకెలనుకుంటుంది.

అదే లోన్‌లో ఇన్సూరెన్స్ తీసేయించి 195280 వేసి చూడండి, 15.7 శాతం వస్తుంది. ఇన్సూరెన్స్‌తో ఉంటే ఫ్లాట్ 9 కంటే ఖరీదు, లేకుంటే దానికంటే చవక. ఆ ఒక్క 5,000 దగ్గరే ఏది నయమో తారుమారైపోతోంది! పర్సనల్ లోన్‌కు ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, వద్దని గట్టిగా చెప్పండి. ఫ్లాట్ వాళ్ల దగ్గర కూడా ఏమేం కోస్తారో అడిగి ఇదే లెక్క వేయాలి. ఫీజేమీ లేదంటేనే అది 16.2.

2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటి లోన్ ఏది ఇచ్చినా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు, ఏపీఆర్ అని ఉంటుంది. సంతకానికి ముందే అడిగి తీసుకోండి. మీ లెక్కకూ దానికీ ఒక శాతం తేడా ఉన్నా ఎందుకని అడగండి.

మీ ఆర్డీ సంగతి. 6.7 శాతం, 60 నెలలు, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అని వేస్తే గడువుకు 3,56,830 వస్తుంది. దాన్ని తెంచుకోవడం మంచిది కాదు. మూడేళ్లు నిండేదాకా మూయనివ్వరు. ఆ తర్వాత గడువుకు ఒక్కరోజు ముందు మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. అయితే పన్నెండు కిస్తీలు కట్టినవాళ్లకు నిల్వలో సగం వరకు అదే ఖాతా మీద అప్పిస్తారు, వడ్డీ ఆర్డీ రేటుకు 2 శాతం ఎక్కువ. మీకు 60,000 దాకా 8.7 శాతానికి దొరుకుతుంది. మీ జాబితాలో దీనికి మించి చవక లేదు, కానీ ఏ లోన్ కాలిక్యులేటరూ దీన్ని చూపించదు. పాస్‌బుక్ పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లాల్సిందే.

మిగతా 1.4 లక్షలకు నగల మీద బ్యాంకు రేటు కనుక్కోండి. గోల్డ్ లోన్ కాలిక్యులేటర్లో ఇంట్లో తూచిన బరువు వేయకండి. రాళ్లు, లక్క బరువు తీసేసి బంగారం స్వచ్ఛతను బట్టి విలువ కడతారు, అందుకే కౌంటర్ దగ్గర అంకె పడిపోతుంది. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి జీతగాళ్లకు ప్రమాదం. 10 శాతం అనుకున్నా 1,54,000 ఒక్కరోజే తేవాలి. నెలనెలా కొంత జమ చేస్తే వడ్డీ తగ్గుతుందో లేదో అడగండి. తోతాపురి మామిడి డబ్బు జూన్, జూలైల్లో చేతికొచ్చే ఇళ్లకైతే ఆ ఒకేసారి కట్టే పద్ధతే నయం, నెలకోసారి ఈఎంఐ వాళ్ల చేతిలో ఆడదు.

అప్పు చేసి సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) పెడితే మిగులుతుందా అని కూడా అడిగారు. వద్దు. సిప్ కాలిక్యులేటర్లో 5,000, పదేళ్లు, 12 శాతం వేస్తే 11.6 లక్షలు కనిపిస్తుంది, 8 వేస్తే 9.2 లక్షలు. ఆ 12 మీకెవరూ హామీ ఇచ్చింది కాదు, పేజీ తయారుచేసినవాళ్లు ముందే నింపిన అంకె. పర్సనల్ లోన్ తీసుకుంటే దాని మీద 15 శాతం పైన మాత్రం ఖాయంగా పోతుంది.

చీటీ కూడా ఆలోచిస్తుంటే ఈ కాలిక్యులేటర్లేవీ పనికిరావు, నెలనెలా కట్టేది మారుతుంటుంది కదా. కట్టినవి మైనస్‌తో, పాటలో చేతికొచ్చింది ప్లస్‌తో షీట్‌లో ఒకదాని కింద ఒకటి రాసి ఐఆర్ఆర్ ఫంక్షన్ (ఇలా మారే మొత్తాలకు వడ్డీ రేటు తేల్చేది) వాడండి. వచ్చింది నెల రేటు, 12తో గుణించుకోవాలి.

ఇంకొకటి. ఈఎంఐ లెక్కకు మీ ఫోన్ నంబరుతో పని లేదు. నంబరు, పాన్ అడిగితే అది కాలిక్యులేటర్ కాదు, లోన్ దరఖాస్తు. వివరాలిస్తే మీ సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, ఎంక్వైరీ పడొచ్చు, ఫోన్లు మాత్రం ఆగవు. ఆ పేజీ మూసేసి ఇంకోటి చూసుకోండి.