గంజి బరువు ఎవరు లెక్కేస్తారు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కరీంనగర్ వైపు. నాన్న హయాంలోనే భివండీ వచ్చేశాం. 24 సాంచాలున్నాయి (మరమగ్గాలు), ఇన్నాళ్లూ మజూరీకే నేశాం. ఇప్పుడు ముంబై ఏజెంటు ఒకాయన ఢాకా పార్టీకి కాటన్ ట్విల్ (ఏటవాలు గీతల నేత) గ్రే గుడ్డ, అంటే బ్లీచ్, రంగు వేయనిది, కావాలంటున్నాడు. 20×20 నంబరు దారం, అంగుళానికి 108×58, మూడు-ఒకటి ట్విల్. "చదరపు మీటరు 190 గ్రాములొస్తుంది, 5208 కోడ్ కింద రాసెయ్" అంటున్నాడు. ఎగుమతి నా పేరు మీదే. సరేననమంటారా?
- ఒక పాఠకుడు, భివండీ

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. సరే అనకు. ముందు గుడ్డ తూచు.

కస్టమ్స్ కోడ్‌లు 5208, 5209 రెండూ 85 శాతం, ఆపైన కాటన్ ఉన్న నేత గుడ్డలకే. తేడా బరువులో ఉంది. చదరపు మీటరుకు 200 గ్రాముల వరకు 5208, దాటితే 5209. బ్లీచ్ చేయని మూడు, నాలుగు దారాల ట్విల్ అయితే (నీ మూడు-ఒకటి నాలుగు దారాలదే) తేలికదానికి 5208.13, బరువుదానికి 5209.12.

ఏజెంటు చెప్పిన 190 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలను. అంగుళంలో పడుగు పోగులు 108ని దారం నంబరు 20తో భాగిస్తే 5.4. పేక పోగులు 58ని 20తో భాగిస్తే 2.9. రెండూ కలిపి 23.25తో (చదరపు మీటరుకు గ్రాముల్లోకి మార్చే అంకె) గుణిస్తే 193. కానీ అది దారం గీత గీసినట్టు తిన్నగా పడుకుంటే వచ్చే బరువు. పడుగు, పేక ఒకదాని మీదుగా ఒకటి ఎక్కి దిగుతాయి కదా, ఆ వంపులకే ఇంకో నాలుగైదు శాతం దారం పోతుంది. అక్కడికే 200 దాటింది. ఆ పైన సైజింగ్‌లో పడుగుకి పట్టించిన గంజి! గ్రే గుడ్డలో అదెక్కడికీ పోదు. నా అంచనాలో నీ గుడ్డ 210కి తగ్గదు.

ముంబై కాల్బాదేవిలో ఎగుమతి ఆఫీసులో 26 ఏళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో ఇదే తప్పు నా చేత్తోనే జరిగింది. కాగితం మీద లెక్కేసి 5208 అని టైపు చేసిచ్చాను. అవతలి రేవులో కస్టమ్స్ వాళ్లు ముక్క కోసి తూస్తే 207. కంటైనర్ 19 రోజులు ఆగింది, రోజులెక్కన డెమరేజ్ (రేవులో ఆగినందుకు అద్దె) కట్టాం. మా సేఠు ఒక్క మాట అనలేదు. మర్నాడు నా టేబుల్ మీద గ్లాసుడు గంజి పెట్టించాడు, అంతే.

అందుకని మొదటి తాను దిగగానే అంచులు వదిలి, మధ్యలో నాలుగైదు చోట్ల రౌండ్ కట్టర్‌తో 100 చదరపు సెంటీమీటర్ల బిళ్లలు కోయించు. ఒక్కోదాని బరువు గ్రాముల్లో చూసి వందతో గుణించు. ల్యాబ్ రిపోర్టు కూడా తీసుకో. కాటన్ తేమ పీలుస్తుంది, మే నెల గుడ్డ జూలైలో అంతే తూగదు. ల్యాబ్‌లో తేమను 65 శాతం దగ్గర ఉంచి తూస్తారు. వచ్చిన అంకెని "గ్రే, గంజితో సహా" అని కాంట్రాక్టులో రాయించు. ఏజెంటు అప్పటికీ 5208 అంటే ఎగుమతి ఆయన పేరు మీదే చేసుకోమను.

ఢాకాకి బయటి గుడ్డ ఎందుకంటే, 2011 నుంచి యూరప్ నిబంధన వాళ్లకి కలిసొచ్చింది. గుడ్డ ఎక్కడిదైనా, ప్యాంటు బంగ్లాదేశ్‌లో కుడితే చాలు, సుంకం లేదు. బాగా వెనుకబడిన దేశాల జాబితా నుంచి బంగ్లాదేశ్ బయటికి రావడానికి ఐక్యరాజ్యసమితి 2026 నవంబర్ 24 తేదీ పెట్టింది. యూరప్ ఆ తర్వాత ఇంకో మూడేళ్లు గడువిస్తుంది. ఈ ఒక్క పార్టీని నమ్ముకుని కొత్త సాంచాలకు మాత్రం అప్పు చేయకు.

ప్యాంట్లు అమెరికా వెళ్లేవైతే పత్తి ఎక్కడిదని అడుగుతారు. చైనాలోని షిన్‌జియాంగ్ పత్తిని అడ్డుకునే అమెరికా చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. నూలు మిల్లు బిల్లు, లాట్ నంబరు భద్రంగా ఉంచుకో.

నువ్వు అడగనిది ఒకటుంది, డబ్బు. ఢాకా వాళ్లు మామూలుగా తెరిచేది బ్యాక్-టు-బ్యాక్ ఎల్‌సీ (తమకొచ్చిన ఎగుమతి ఆర్డరు ఎల్‌సీ పూచీ మీద వాళ్ల బ్యాంకు నీకిచ్చే చెల్లింపు హామీ పత్రం), చాలాసార్లు 90 లేదా 120 రోజుల గడువుతో. అన్ని రోజులు నీ నూలు వ్యాపారి ఆగుతాడా? వడ్డీ ఎంతవుతుందో చూసుకుని, అది కూడా కలిపి మీటరు రేటు చెప్పు.