బేతాళుడు, ప్రేతం, నడపీనుగు

సందేహం: జేన్ ఆస్టిన్ రాసిన 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలోకి నడిచే శవాలను చొప్పించి, సేత్ గ్రాహమ్-స్మిత్ 2009లో వెలువరించిన పుస్తకం గురించి ఒక పత్రికలో పరిచయం చదివాను. అందులో జాంబీలను ఒకచోట ‘ప్రేతాలు’ అనీ, మరొకచోట ‘భేతాళులు’ అనీ రాశారు. మొత్తం రచనను ‘భీభత్స శృంగారం’ అన్నారు. వీటిలో సరైన మాట ఏది? అసలు ఆ రెండు రసాలూ ఒకచోట ఇముడుతాయా?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: ముందు ఒత్తుల సంగతి చూద్దాం. వైరాగి బైరాగి అయినట్టే వేతాళుడు బేతాళుడయ్యాడు. ఆ మార్పులో ఎక్కడా ఒత్తు పుట్టే సందు లేదు. భయపెట్టేవాడు కనుక ‘భే’ అనే ఉండాలని ఎవరో తలచారు, అచ్చులో అదే పాతుకుపోయింది. ‘భీభత్సం’ మీద ఉన్నదీ ఆ భయం పెట్టిన ఒత్తే. బధ ధాతువు మీద సన్ ప్రత్యయం చేరిన రూపం కనుక మొదట బకారం, ఆ తరువాతే భకారం. ఆ రసానికి స్థాయి, అంటే మూలభావం, జుగుప్స గాని భయం కాదు. ఈ కాలపు వారు పెళ్లి భోజనం రుచిగా ఉన్నా ‘బీభత్సంగా ఉంది’ అంటున్నారు; వంటవాడు నిఘంటువు తిరగేసే అలవాటు ఉన్నవాడైతే గరిటె పట్టుకొని మీదికి వస్తాడు.

ప్రేతుడంటే వెళ్ళిపోయినవాడు. చనిపోయినవారిని పితరులలో కలిపే సపిండీకరణం జరిగేదాకా ప్రేతం, ఆపైన పితృదేవత. జాంబీ చిక్కంతా వెళ్ళకపోవడంలోనే ఉంది. అయితే సంస్కృతంలో ప్రేత శబ్దానికి శవమన్న అర్థమూ ఉంది, ప్రేతభూమి అంటే శ్మశానమే కనుక ఆ పరిచయకర్తను పూర్తిగా తప్పుపట్టలేను. పిశాచానికి పిశితం, అంటే మాంసం, తినేదని వ్యుత్పత్తి చెబుతారు; పోలిక అంతవరకే. శవాన్ని ఆవహించి ఉండేవాడు కనుక బేతాళుడు మరింత దగ్గరివాడు. కాని విక్రమార్కుడి భుజం మీద కూర్చొని ఇరవై అయిదు కథలు చెప్పి, కథకొక చిక్కు ప్రశ్న వేసినవాణ్ణి, నోట మాట లేక తడబడే జాంబీతో జమకట్టడం బేతాళుడికి అవమానం. హైతీ జనుల నమ్మకంలో జాంబీ అంటే మంత్రగాడు లేపి పొలంలో వెట్టిచాకిరీ చేయించుకునే శవం. అది మనుషులను తినదు. నరమాంసం మరిగిన నడిచే శవాలు 1968లో జార్జ్ రొమెరో తీసిన అమెరికా సినిమా తరువాత బలిశాయి.

ఇక రసాల ప్రశ్న. శృంగారానికి శత్రువులను లెక్కపెడుతూ సాహిత్యదర్పణం అనే అలంకారశాస్త్ర గ్రంథం రాసిన విశ్వనాథుడు బీభత్సాన్ని కరుణ పక్కనే నిలబెట్టాడు. అంతకు ముందే ధ్వన్యాలోకకర్త ఆనందవర్ధనుడు ఈ వైరానికి విరుగుడు చెప్పి ఉన్నాడు: నడుమ మరొక రసం ఉంటే రెండూ ఇముడుతాయి. అందుకు అతడు ఉదాహరించిన శ్లోకాలలో, యుద్ధంలో పడిన వీరులు విమానాల్లో అప్సరసల పక్కన కూర్చొని, కింద దుమ్ముకొట్టుకొని నక్కల పాలైన తమ శరీరాలనే తాము చూసుకుంటారు. నడుమ ఉన్నది వీరం.

కాని సిద్ధాంతం జోలికి పోని పాఠకులకు నేను ఎప్పుడూ చూపించేది మాలతి, మాధవుల ప్రేమకథగా భవభూతి రాసిన సంస్కృత నాటకం మాలతీమాధవం అయిదో అంకం. మాలతిని తన నర్మసచివుడు, అంటే వినోదాల చెలికాడు, అయిన నందనుడికి ఇప్పించాలని రాజు తలపెట్టగా, దారి తోచని మాధవుడు మహామాంసం, అంటే నరమాంసం, అమ్మి పిశాచాల సాయం పొందాలని రాత్రివేళ శ్మశానానికి వెళతాడు. మాలతిని బలివ్వబోయే కాపాలికుడు అఘోరఘంటుడు అక్కడికి దగ్గరలోనే ఉన్నాడు. వాడి శిష్యురాలు కపాలకుండల ఆకాశమార్గాన శ్రీపర్వతం నుంచి వస్తుంది. అది మన శ్రీశైలమేనని చాలామంది పండితుల మాట. ఈ శ్మశానంలో మాధవుడు చదివే శ్లోకాలలో ఒకటి ‘లీనేవ ప్రతిబింబితేవ లిఖితేవ’. మాలతి తన మనసులో కరిగిపోయినట్టు, ప్రతిఫలించినట్టు, చిత్రించినట్టు, చెక్కినట్టు ఉందంటాడు. విప్రలంభంలో, అంటే విరహ శృంగారంలో, ఇంతకన్న మెత్తని పద్యం వెతకాలి. ఆ తరువాత కొద్ది శ్లోకాలకే, కావ్యప్రకాశకర్త మమ్మటుడు బీభత్సానికి ఉదాహరణగా ఎత్తుకున్న ‘ఉత్కృత్యోత్కృత్య కృత్తిం’ వస్తుంది. అందులో ఒక ప్రేతం శవం తోలు ఒలిచి, భుజాల మీద, వీపు మీద సులువుగా దొరికే కుళ్లిన మాంసం ముందు తినేసి, ఆపైన అస్థిపంజరాన్ని ఒడిలో పెట్టుకొని ఎముకల సందుల్లో మిగిలిన ముక్కలను తాపీగా ఏరుకుంటుంది. ‘ప్రేతరంకః కరంకాదంకస్థాత్’ అన్న చోట మూడు ‘ంక’లు వరుసగా ఎముకలు కొరికినట్టు వినిపిస్తాయి. అంకం నాయిక కూర్చోవలసిన చోటు. అక్కడ అస్థిపంజరం ఉంది. నన్ను ఆపేది మాత్రం రంక శబ్దం. రంకుడంటే దరిద్రుడు, తిండికి మొహం వాచినవాడు. పిశాచాన్ని చూసి అసహ్యపడవలసిన చోట కవి దాని పేదరికాన్ని చూశాడు. ఆ మాట చదివాక, నరమాంసం చేతపట్టుకొని ప్రేమ కోసం బేరానికి వచ్చిన మాధవుడూ నా కంటికి మరో రంకుడిలాగే కనిపిస్తాడు. ఆ జాలి అనే వంతెన మీదుగా శృంగారం నుంచి బీభత్సానికి రాకపోకలు సాగుతాయి. దర్పణకారుడు శత్రువుల జాబితాలో వేసిన కరుణే ఇక్కడ మధ్యవర్తి కావడం చిత్రం.

మీరు చెప్పిన ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కువ భాగం కత్తి తిప్పడాలే కనుక అక్కడ నాకు బీభత్సం కన్న హాస్యమే కనిపించింది. ఒక్క నాయిక స్నేహితురాలు చార్లట్ ఘట్టం వేరు. కాటు పడి, రోజురోజుకూ పీనుగవుతూనే ఆమె మతాచార్యుడైన కాలిన్స్‌ను పెళ్లాడుతుంది, ఆ మార్పు భర్త కంటికి ఆనదు. మూలంలోనే ఆమెది ప్రేమ లేని పెళ్లి కనుక ఇక్కడ శవం అతుకులా కాక కథలోనే పుట్టినట్టుంటుంది. అన్నట్టు, ఆ సమాజంలో పెద్దమనుషులు జాంబీలను పేరెత్తకుండా ‘చెప్పరానివి’ అన్న అర్థం వచ్చే మాటతో గడుపుకుంటారు. మన ఇళ్లలో పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అనడం, దయ్యాన్ని ‘గాలి’ అనడం తెలిసినవారికి ఇది వింత కాదు.

జాంబీకి తెలుగు మాటే కావాలంటే నా మొగ్గు నడపీనుగు వైపు. చిక్కి శల్యమై కాళ్లీడ్చేవాణ్ణి అలా తిట్టడం ఉంది. పీనుగు అచ్చమైన దేశిపదం, తమిళంలో పిణం, కన్నడంలో హెణ దాని చుట్టాలే. తిట్టును జాతి పేరుగా వాడవచ్చునా అంటే వాడుక తేల్చాలి. జాంబీ అనే ఉంచేసినా నేను పోట్లాడను. సమాసం దగ్గర మాత్రం ఒక మాట: ‘నడపీనుగు శృంగారం’ అని కూర్చితే మిశ్రసమాసంగా వ్యాకరణం ఒప్పుతుంది గాని నా చెవికి ఇంపుగా లేదు. ‘నడపీనుగుల నడుమ ప్రేమకథ’ అని విడదీసి రాయమని ఆ పరిచయకర్తకు చెప్పండి.